ఎరువుల అంగడిలో ఇనార్గానిక్

(అనంతపురంలోని ఒక డిగ్రీ కాలేజీలో మొదటి సంవత్సరం బీఎస్సీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడినవాళ్లు ముందుకు రండి నాయనా, ఈ బెంచీలు ఖాళీగానే ఉన్నాయి. బల్ల మీద పెట్టినవి దగ్గర్నుంచి చూడాలి మీరు.

ఇక్కడ ఐదు పొట్లాలున్నాయి. మన ల్యాబ్ స్టోర్‌వి కావు, నిన్న సాయంత్రం ఎరువుల అంగడికి పోయి తెచ్చినవి. మైలుతుత్తం, అన్నభేది, జింక్ సల్ఫేట్, మెగ్నీషియం సల్ఫేట్, జిప్సం. వ్యవసాయం ఉన్న ఇళ్ల పిల్లలకి ఇవన్నీ తెలిసినవే. ఆరోది ఈ రాయి, మంగంపేట ముగ్గురాయి. ఇది చేతిలోకి తీసుకుని పక్కవాళ్లకి అందించండి. ఎంత బరువుందో చూశారా? ఇదే సైజు కంకరరాయి కంటే ఒకటిన్నర రెట్లకు పైగా తూగుతుంది, సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 4.5 గ్రాములు.

ఈ ఆరూ సల్ఫేట్లే. వరుసగా రాగి, ఇనుము, జింకు, మెగ్నీషియం, కాల్షియం, బేరియం, వీటన్నిటికీ జత ఒకటే సల్ఫేట్. అయినా ఒకటి ముదురు నీలం, ఒకటి లేత ఆకుపచ్చ, మిగతావి తెలుపు. ఒకటి నీళ్లలో వేయగానే కరిగిపోతుంది, ఒకటి కొద్దికొద్దిగా కరుగుతుంది, ఆ రాయిని మాత్రం మీరు రోజంతా నానబెట్టినా ఏమీ కాదు. జత ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఎక్కడి నుంచి వచ్చింది? ఈ ఒక్క ప్రశ్నకు సరిగ్గా జవాబు చెప్పగలిగితే మొదటి ఏడాది ఇనార్గానిక్ కెమిస్ట్రీలో సగానికి పైగా మీ చేతిలో ఉన్నట్టే. ఈ గంటలో ఆ పనే చేద్దాం.

ఇనార్గానిక్ అంటే బట్టీ సబ్జెక్టు అన్న మాట మీకు ఇంటర్‌లోనే చెవిన పడి ఉంటుంది. ఫిజికల్‌లో లెక్కలుంటాయి, ఆర్గానిక్‌లో మెకానిజమ్‌లుంటాయి, ఇనార్గానిక్‌లో మాత్రం గ్రూపులు, రంగులు, మినహాయింపులు, అన్నీ నోటికి రావాల్సిందే అంటారు. నేను కూడా అదే నమ్మి చదివాను. మార్కులొచ్చాయి. కానీ దానివల్ల నాకు జరిగిన నష్టం ఏంటో చెప్తాను వినండి.

మాది నార్పల దగ్గర ఒక పల్లె. మా నాయనకి మూడెకరాల చీనీ (బత్తాయి) తోట ఉండేది. చెట్టు మొదట్లో బంక కారడం మొదలైతే బోర్డో మందు కలిపేవాడు. కిలో మైలుతుత్తం ఒక ప్లాస్టిక్ బకెట్‌లో, కిలో సున్నం ఇంకో బకెట్‌లో, విడివిడిగా కరిగించి, తర్వాత రెండూ డ్రమ్ములో పోసి, మొత్తం వంద లీటర్లకి తెచ్చేవాడు. కట్టెతో తిప్పే పని నాది. కలిపాక మా నాయన ఒక పని తప్పకుండా చేసేవాడు. ఇనుప చాకు తీసుకుని ఆ మందులో కాసేపు ముంచి పైకి తీసేవాడు. చాకు మీద ఎర్రగా, తుప్పులా ఏదైనా పట్టిందా, "ఇంకా కొంచెం సున్నం పొయ్‌రా" అనేవాడు. చాకు శుభ్రంగా ఉంటేనే మందు కొట్టేది. ఇనుప బకెట్ అయితే ఆ దరిదాపుల్లోకి రానిచ్చేవాడు కాదు.

ఆ రోజుల్లోనే కాలేజీలో ఎలక్ట్రోకెమికల్ సిరీస్ చెప్పారు, ఏ లోహం ఎలక్ట్రాన్లు ఎంత సులువుగా వదులుతుందో చూపే పట్టిక అది. రాగికి ప్లస్ 0.34 వోల్టులు, ఇనుముకి మైనస్ 0.44. పాట పాడినట్టు అప్పజెప్పేవాణ్ణి. ఆ రెండు అంకెలూ మా నాయన చాకు మీదే ఉన్నాయన్న సంగతి నాకు తట్టలేదు. డిగ్రీలో ఒకసారి ధైర్యం చేసి, మైలుతుత్తాన్ని ఇనుప బకెట్‌లో ఎందుకు కలపకూడదు సార్ అని అడిగాను. అది పరీక్షకి రాదు, కూర్చో అన్నారు. కూర్చున్నాను. ఆ తర్వాత చాలా కాలం ఏమీ అడగలేదు. ఎమ్మెస్సీ చదివేటప్పుడు సెలవులకి ఇంటికొచ్చి మళ్లీ అదే కట్టె పట్టుకుని తిప్పుతుంటే అప్పుడు వెలిగింది. ద్రావణంలో విడిగా తిరుగుతున్న రాగి అయాన్ ఇంకా మిగిలి ఉంటే ఇనుము తన ఎలక్ట్రాన్లు దానికిచ్చేసి తాను కరుగుతుంది, రాగి చాకు మీద లోహంగా కూర్చుంటుంది. సున్నం చాలినంత పడితే రాగి అంతా కరగని రూపంలోకి పోతుంది కాబట్టి చాకు మీదికి రావడానికి ఏమీ మిగలదు. విడి రాగి మిగిలితే ఆకు మాడుతుంది, అందుకే ఆ చాకు పరీక్ష. మా నాయన చదువుకోలేదు, కానీ ప్రతి ఏడాదీ ఒక రెడాక్స్ పరీక్ష, అంటే ఎలక్ట్రాన్ల ఇచ్చిపుచ్చుకోళ్ల పరీక్ష చేసి, దాని ఫలితం చూసి నిర్ణయం తీసుకునేవాడు. నేను పుస్తకంలో అదే చదివి అర్థం చేసుకోకుండా ఐదేళ్లు గడిపాను. ఆ ఐదేళ్లు మీకు పోకూడదని నా తాపత్రయం.

సరే, పొట్లాలు విప్పుదాం. ముందు మైలుతుత్తం. ఈ చైనా డిష్‌లో నాలుగు పలుకులు వేసి కింద బర్నర్ పెడుతున్నాను. చూస్తూ ఉండండి. అంచుల దగ్గర తెల్లబడుతోంది కదా... ఇప్పుడు మొత్తం తెల్లబడింది. రాగి ఎక్కడికీ పోలేదు, సల్ఫేట్ కూడా పోలేదు, పోయింది నీళ్లు మాత్రమే. చల్లారాక రెండు చుక్కలు నీళ్లు వేస్తా, చూడండి, మళ్లీ నీలం. అంటే ఆ నీలం రంగు రాగిది మాత్రమే అనడానికి లేదు, రాగి చుట్టూ చేరిన నీళ్లతో కలిసి వచ్చిన రంగు. ఆ స్ఫటికంలో ఒక్కో రాగికి ఐదు నీటి అణువుల లెక్క, అందులో నాలుగు నేరుగా రాగిని పట్టుకుని ఉంటాయి, ఐదోది హైడ్రోజన్ బంధాలతో సల్ఫేట్ దగ్గర ఉంటుంది. చుట్టూ చేరినవాళ్లు రాగి డి ఆర్బిటాళ్లను, అంటే ఎలక్ట్రాన్లు ఉండే చోట్లను, ఒకే శక్తి దగ్గర ఉండనివ్వరు, కొన్నిటిని పైకి నెడతారు. ఆ పైకీ కిందికీ మధ్య ఉన్న తేడాకి సరిపోయే ఎరుపు, నారింజ కాంతిని రాగి పీల్చుకుంటుంది, మిగిలిన నీలం మన కంటికి చేరుతుంది. నీళ్ల బదులు అమ్మోనియా వస్తే? ఇదిగో, కొన్ని చుక్కలు వేస్తున్నా. ముందు లేత నీలం ముద్దలా వచ్చింది, ఇంకా వేస్తే అది కరిగి ఈ ముదురు నీలం. అమ్మోనియా నీటికంటే ఎక్కువ నెడుతుంది కాబట్టి రంగు మారింది.

ఇప్పుడు జింక్ సల్ఫేట్ వైపు చూడండి. దీనికీ చుట్టూ నీళ్లున్నాయి, అయినా తెలుపే. జింక్ అయాన్‌లో డి ఆర్బిటాళ్లు పది ఎలక్ట్రాన్లతో నిండిపోయాయి, పైకి దూకడానికి ఖాళీ లేదు. "జింక్ సమ్మేళనాలు రంగులేనివి" అని విడిగా ఒక పాయింటు నేర్చుకోవాల్సిన పని ఉందా మరి? రాగి ఎందుకు నీలమో తెలిస్తే జింకు ఎందుకు తెలుపో దానంతట అదే వస్తుంది.

అన్నభేది పొట్లం మీకు కొంచెం పాతదే ఇవ్వమని అడిగి తెచ్చాను. లోపల లేత ఆకుపచ్చ, పైన అంచుల్లో పసుపు, గోధుమ రంగు. ఇనుము రెండు ప్లస్‌ల నుంచి మూడు ప్లస్‌లకి పోతోంది, గాలిలో ఆక్సిజన్ పని అది. మన దగ్గర సున్నం ఎక్కువున్న నేలల్లో శెనక్కాయ లేత ఆకులు ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉండి మిగతా అంతా పసుపు, తెలుపుకి తిరుగుతుంది, చూశారు కదా. నేలలో ఇనుము లేక కాదు. మన ఎర్రనేలకి ఆ ఎరుపు ఇచ్చిందే ఇనుము! కానీ ఆ క్షారపు నేలలో ఇనుము మూడు ప్లస్‌ల స్థితిలో హైడ్రాక్సైడ్‌గా, ఆక్సైడ్‌గా కూర్చుంటుంది, దాని ద్రావణీయతా లబ్ధం, అంటే ఎంత కరుగుతుందో చెప్పే అంకె, పదికి మైనస్ 38 దరిదాపుల్లో ఉంటుంది, అంటే వేరుకి అందేది లేదన్నమాట. అందుకే ఆకు మీద కొట్టమంటారు. ఎలా కొట్టమంటారో గమనించారా? లీటరు నీటికి ఐదు గ్రాముల అన్నభేది, దానితో పాటు ఒక గ్రాము నిమ్మ ఉప్పు. నిమ్మ ఉప్పు ఎందుకు? అది సిట్రిక్ ఆమ్లం. ద్రావణాన్ని ఆమ్లంగా ఉంచుతుంది, పైగా ఇనుము అయాన్‌ని రెండు మూడు చోట్ల ఒకేసారి పట్టుకుంటుంది, ఎండ్రకాయ కొండితో పట్టినట్టు. కీలేట్ అన్న పదం గ్రీకులో ఆ కొండి నుంచే వచ్చింది. అలా పట్టుకున్న ఇనుము వెంటనే తుప్పుగా అడుగున పడిపోదు. మీరు మూడో సెమిస్టర్‌లోనో నాలుగో సెమిస్టర్‌లోనో కీలేట్ ప్రభావం చదివేటప్పుడు ఈ పొట్లం గుర్తుకు రావాలి.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. మెగ్నీషియం, కాల్షియం, బేరియం. ముగ్గురూ రెండో గ్రూపు, ముగ్గురికీ రెండు ప్లస్‌లే. బోర్డు మీద రాస్తున్నా చూడండి. లీటరు నీటిలో మెగ్నీషియం సల్ఫేట్ మూడు వందల గ్రాములకు పైగా కరుగుతుంది. జిప్సం రెండు గ్రాముల చిల్లర. బేరియం సల్ఫేట్ రెండు, మూడు మిల్లీగ్రాములు. పక్కన హైడ్రాక్సైడ్‌లు రాస్తున్నా. మెగ్నీషియంది లీటరుకు పది మిల్లీగ్రాముల దగ్గర, కాల్షియంది, అంటే మన సున్నపు తేట, గ్రామున్నర పైన, బేరియంది నలభై గ్రాముల దాకా. చూశారా, సల్ఫేట్‌లో కిందికి పోయేకొద్దీ తగ్గుతోంది, హైడ్రాక్సైడ్‌లో కిందికి పోయేకొద్దీ పెరుగుతోంది. గైడ్లలో ఇవి రెండు వేర్వేరు పాయింట్లుగా ఉంటాయి, పిల్లలు ఏది పెరుగుతుందో ఏది తగ్గుతుందో పరీక్ష ముందు రాత్రి తారుమారు చేసుకుంటారు. ఆ టెన్షన్ అనవసరం, ఎందుకంటే ఇది ఒకే లెక్క.

ఉప్పు కరగాలంటే రెండు జరగాలి. స్ఫటికంలో అయాన్లు ఒకదాన్నొకటి పట్టుకున్న పట్టు విడవాలి, అది జాలక శక్తి. విడిపోయిన అయాన్ల చుట్టూ నీళ్లు చేరాలి, అది ఆర్ద్రీకరణ శక్తి. మొదటిది ఖర్చు, రెండోది రాబడి. మెగ్నీషియం అయాన్ వ్యాసార్ధం 72 పికోమీటర్లు, బేరియంది 135. చిన్న అయాన్ దగ్గరికి నీళ్లు బాగా దగ్గరగా రాగలవు కాబట్టి మెగ్నీషియంకి రాబడి ఎక్కువ, మోల్‌కి దాదాపు 1920 కిలోజౌల్స్. బేరియంకి 1305. అంటే కిందికి వచ్చేసరికి రాబడి ఆరువందల పైచిలుకు పడిపోయింది. సల్ఫేట్ అయినా హైడ్రాక్సైడ్ అయినా ఈ నష్టం ఒకటే. మరి ఖర్చు ఎంత తగ్గింది? అది ప్లస్, మైనస్ అయాన్ల మధ్య దూరం మీద ఉంటుంది. సల్ఫేట్ పెద్దది, 240 అనుకుందాం. మెగ్నీషియంతో కలిపితే 312, బేరియంతో కలిపితే 375. దూరం ఇరవై శాతం పెరిగింది. హైడ్రాక్సైడ్ చిన్నది, 135 అనుకుందాం. మెగ్నీషియంతో 207, బేరియంతో 270. ఇక్కడ ముప్పై శాతం పెరిగింది. పెరిగింది రెండు చోట్లా ఆ 63 పికోమీటర్లే, కానీ పెద్ద సల్ఫేట్ పక్కన ఆ తేడా పెద్దగా లెక్కలోకి రాదు, చిన్న హైడ్రాక్సైడ్ పక్కన బాగా కనిపిస్తుంది. కాబట్టి సల్ఫేట్‌లో ఖర్చు పెద్దగా తగ్గకుండా రాబడి పడిపోయింది, కరగడం తగ్గింది. హైడ్రాక్సైడ్‌లో ఖర్చు రాబడికంటే ఎక్కువ తగ్గింది, కరగడం పెరిగింది. ఎంట్రోపీ పాత్ర కూడా ఉంటుంది, ఆ లెక్క ఫిజికల్ కెమిస్ట్రీలో వస్తుంది. ప్రస్తుతానికి ఈ రెండింటి పోటీ పట్టుకోండి.

ఇది పట్టుకున్నాక మన జిల్లాలు చూడండి ఎట్లా కనిపిస్తాయో. మెగ్నీషియం సల్ఫేట్ ఇట్టే కరుగుతుంది కాబట్టి చీనీ ఆకుల మీద పిచికారీ చేస్తారు. జిప్సం కొద్దికొద్దిగా కరుగుతుంది కాబట్టి శెనక్కాయ ఊడలు దిగే టైంలో ఎకరాకి రెండు వందల కిలోలు మొక్క మొదట్లో వేస్తారు, అది నిదానంగా కరుగుతూ నేలలో ఉన్న కాయకి నేరుగా కాల్షియం అందిస్తుంది. శెనక్కాయకి కాయ తనంతట తానే నేలలోంచి కాల్షియం తీసుకోవాలి, ఆకుల నుంచి కిందికి రాదు. చాలకపోతే లొట్టకాయలు. ఇక ముగ్గురాయి. అసలు కరగదు కాబట్టే కోట్ల ఏళ్లుగా ఉమ్మడి కడప జిల్లా ఓబులవారిపల్లె మండలంలో అంత పెద్ద నిక్షేపంగా నిలబడింది, ప్రపంచంలోనే పెద్ద నిక్షేపాల్లో అది ఒకటి. బరువూ, కరగకపోవడం, ఈ రెండింటి కోసమే దాన్ని పొడి చేసి చమురు బావులు తవ్వేచోట బురదలో కలుపుతారు, లోపలి ఒత్తిడి ఎగదన్నకుండా.

(ఒక విద్యార్థిని: సార్, బేరియం విషం అంటారు కదా, మరి హాస్పిటల్‌లో బేరియం తాగించి ఎక్స్‌రే ఎలా తీస్తారు?)

మంచి ప్రశ్న అమ్మా. బేరియం అయాన్ విషమే, గుండె మీద, కండరాల మీద పని చేస్తుంది. తాగించేది బేరియం సల్ఫేట్. లీటరుకు రెండు మిల్లీగ్రాములే కరుగుతుంది కాబట్టి శరీరంలోకి చేరదు, పేగుల్లోంచి అలాగే వెళ్లిపోతుంది, ఎక్స్‌రేని మాత్రం ఆపుతుంది. ఇప్పుడు నా ప్రశ్న. బేరియం కార్బొనేట్ కూడా నీళ్లలో పెద్దగా కరగదు, మరి దాన్ని ఎలకల మందుగా ఎందుకు వాడేవాళ్లు? కడుపులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. కార్బొనేట్ ఆ ఆమ్లాన్ని పట్టుకుని కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది, బేరియం విడుదలవుతుంది. సల్ఫేట్ బలమైన ఆమ్లం బిడ్డ, హైడ్రోజన్ కోసం వెంపర్లాడదు, బేరియాన్ని వదలదు. ఇదే తేడాతో మీరు వచ్చే వారం ల్యాబ్‌లో సల్ఫేట్ పరీక్ష చేస్తారు. ముందు సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి, తర్వాత బేరియం క్లోరైడ్. ఆమ్లం ఎందుకు ముందు అంటే కార్బొనేట్ తెల్లటి అవక్షేపం ఇచ్చి మోసం చేయకుండా. ప్రొసీజర్‌లో ఒక్కో మాట వెనక ఇట్లాంటి కారణం ఉంటుంది.

సాల్ట్ అనాలిసిస్, అంటే ఇచ్చిన ఉప్పు ఏదో కనుక్కునే ప్రాక్టికల్ గురించి ఒక్క మాట, ఇది నాకు బాధ కలిగించే విషయం. సీనియర్ల రికార్డు తెచ్చి, ఏ సీసాలో ఏ ఉప్పుందో ముందే కనుక్కుని, పరిశీలనలు వెనక నుంచి ముందుకు రాసే అలవాటు మన దగ్గర ఉంది. దయచేసి చేయకండి. మంటలో మీకు పసుపు కనిపిస్తే పసుపే రాయండి, ఇటుక ఎరుపు రావాల్సింది కదా అని మార్చకండి. ప్లాటినం తీగ సరిగ్గా కడగకపోతే సోడియం పసుపు అన్నిటినీ కప్పేస్తుంది, ఆ సంగతి మీరు రాసిన పసుపు వల్లే బయటపడుతుంది. ఉప్పు పేరు తప్పు చెప్పినా నాకు ఫరవాలేదు, చూడనిది రాయకండి.

(ఒక విద్యార్థి: అయనీకరణ శక్తుల టేబుల్ మొత్తం నోటికి రావాలా సార్?)

ఒక ఎలక్ట్రాన్‌ని లాగేయడానికి ఎంత శక్తి పడుతుందో ఆ టేబుల్ చెప్తుంది, అంకెలు అవసరం లేదు. కానీ ఆ టేబుల్‌ని పేపరు చదివినట్టు చదవండి. నైట్రోజన్‌కి మోల్‌కి 1402 కిలోజౌల్స్, దాని తర్వాతి ఆక్సిజన్‌కి 1314, పెరగాల్సింది తగ్గిందేంటి అని ఆగి అడగండి. ఒకే ఆర్బిటాల్‌లో రెండో ఎలక్ట్రాన్ చేరి ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నాయి, అంతే. టేబుల్ చదివి ఏం సాధించవచ్చో చెప్తా. 1962లో కెనడాలో నీల్ బార్ట్‌లెట్ అనే ఆయన ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ అనే ఎర్రటి వాయువుతో పని చేస్తున్నాడు. అది ఆక్సిజన్ అణువు నుంచే ఎలక్ట్రాన్ లాగేసుకుందని తేలింది. ఆక్సిజన్ అణువుకి అయనీకరణ శక్తి దాదాపు 1175. ఆయన టేబుల్‌లో చూస్తే జినాన్‌కి 1170. జినాన్ జడవాయువు, దేనితోనూ కలవదు అని అప్పటిదాకా పుస్తకాలన్నీ చెప్పేవి. ఆక్సిజన్ నుంచి లాగగలిగింది జినాన్ నుంచి ఎందుకు లాగలేదు? మార్చి 23 సాయంత్రం, ల్యాబ్‌లో ఒక్కడే ఉండి, రెండు వాయువుల్నీ కలిపాడు. గది ఉష్ణోగ్రత దగ్గరే పసుపు ఘనపదార్థం వచ్చింది. జడవాయువు సమ్మేళనం అది. ఆ రెండు అంకెలు అంతకుముందు ఎంతోమంది పుస్తకాల్లో పక్కపక్కనే ఉన్నాయి నాయనా.

(ఇంకొక విద్యార్థి: మాది తెలుగు మీడియం సార్, ఇంగ్లీషులో చదువుతుంటే ఏదీ ఎక్కడం లేదు.)

నువ్వు ఒక్కడివే కాదు, ఈ గదిలో సగం మంది చేతులెత్తుతారు. నేను చెప్పేది ఇది, ఆలోచన తెలుగులో చెయ్యి. నోట్సులో ఎడమ పేజీలో తెలుగులో నీ మాటల్లో కారణం రాయి, జాలక శక్తి ఖర్చు, ఆర్ద్రీకరణ రాబడి అని నేను చెప్పినట్టే రాసుకో, కుడి పేజీలో ఇంగ్లీషు పదాలతో అదే రాయి. మొదటి రెండు నెలలు కష్టంగా ఉంటుంది. తెలుగులో అర్థమైంది ఇంగ్లీషులో రాయడం నేర్చుకోవచ్చు, ఎందులోనూ అర్థం కానిది మాత్రం రాయలేం. డౌట్ ఉంటే తెలుగులోనే అడుగు, నన్ను అడుగు, నేను కూర్చోమనను.

ఇంక టైం అయిపోతోంది. సోమవారం ప్రాక్టికల్‌కి వచ్చేటప్పుడు ప్రతి ఒక్కరూ మీ ఊరి బోరు నీళ్లు ఒక లీటరు బాటిల్‌తో తెండి. బాటిల్‌ని అదే నీళ్లతో మూడుసార్లు కడిగి పట్టండి. ఊరి పేరు, బోరు లోతు, పట్టిన తేదీ కాగితం మీద రాసి అతికించండి. ఈడీటీఏ అనే రసాయనంతో టైట్రేట్ చేసి, అంటే చుక్కచుక్కగా పోసి, నీళ్ల కఠినత్వం, అంటే కాల్షియం, మెగ్నీషియం ఎంతున్నాయో చూద్దాం, ద్రాక్ష ఎరుపు నుంచి నీలానికి మారేచోట ఆపాలి. అన్నభేదిని నిమ్మ ఉప్పు పట్టుకున్నట్టే ఈడీటీఏ కాల్షియాన్ని పట్టుకుంటుంది, ఇంకా గట్టిగా. కఠినత్వం బాగా తక్కువ వచ్చిన బోర్లను విడిగా పెడదాం. కాల్షియం ఎక్కువుంటే ఫ్లోరైడ్‌ని కాల్షియం ఫ్లోరైడ్‌గా కింద పడేస్తుంది, కాల్షియం తక్కువున్న నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ నిలబడగలదు, మన గ్రానైట్ నేలల్లో ఇది మామూలే. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అందుకే ఆ బాటిళ్లని ఫ్లోరైడ్ పరీక్షకి కూడా పంపిద్దాం, మీ ఊళ్లో తాగే బోరు ఏదో అది తప్పకుండా తెండి.